ఒకే నీలం, ఎన్నో రాతలు: పాత కాలేజీ సైటులో రంగుల్ని తిరగరాసిన కేసు

ఇది ఒక కాలేజీ అడ్మిషన్ల సైటు కేసు. పేజీలు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. విద్యార్థులు వాటిని ఎక్కువగా ఫోన్లో చూస్తారు, హాల్‌టికెట్లూ దరఖాస్తులూ మాత్రం నెట్ సెంటర్లో ప్రింట్ తీయిస్తారు. మార్కప్, అంటే పేజీని కట్టే హెచ్‌టీఎంఎల్ రాత, మూడు తరాలది. మొదటి తరం పేజీలను టేబుళ్లతో కట్టి, రంగుల్ని బీజీకలర్ (నేల, అంటే బ్యాక్‌గ్రౌండ్ రంగు) అట్రిబ్యూట్‌లోనూ (ట్యాగ్ లోపల రాసే గుణం) ఫాంట్ ట్యాగ్‌లోనూ పెట్టారు. తర్వాత వచ్చినవాళ్లు ప్రతి ట్యాగ్‌కీ స్టైల్ అట్రిబ్యూట్ తగిలించారు. ఆ తర్వాత స్టైల్‌షీట్ వచ్చింది, అంటే పేజీ రూపం నియమాలను సీఎస్‌ఎస్ భాషలో విడిగా రాసే ఫైలు. ఈ మూడూ ఒకే పేజీలో కలిసి ఉన్నాయి. కాలేజీ రంగు ఒక్కటే, హెక్స్‌లో #336699 అనే నీలం. హెక్స్ అంటే 0-9, ఎ-ఎఫ్ అంకెల రాత, ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలకు రెండేసి అంకెలు.

పని అప్పగించినప్పుడు చెప్పిన ఇబ్బందులు నాలుగు. కొన్ని పేజీల్లో పై పట్టీ నీలం బదులు దాదాపు నల్లగా కనిపిస్తోంది. పాత పేజీలకు డాక్‌టైప్ (పేజీ ఏ ప్రమాణానిదో చెప్పే మొదటి వరుస) చేర్చాక కొన్ని రంగులు మాయమయ్యాయి. చివరి తేదీ వివరాలు రాసిన బూడిదరంగు చిన్నక్షరాలు ఎండలో చదవలేకపోతున్నారు. వీటికి తోడు డార్క్ మోడ్ కావాలి. నాలుగూ వేర్వేరుగా కనిపించినా మూలం ఒకటే: రంగు విలువను ఎక్కడ, ఏ రాతలో పెట్టాలో ఎవరూ ముందుగా తేల్చుకోలేదు.

పట్టీ ఎందుకు నల్లబడింది

పట్టీ ఒక టేబుల్ గడి. దాని బీజీకలర్‌లో ఎవరో స్టైల్‌షీట్ నుంచి కాపీ చేసిన ఆర్‌జీబీ(51,102,153) అనే విలువ ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను 0 నుంచి 255 దాకా అంకెల్లో చెప్పే రాత అది. స్టైల్‌షీట్‌లో అది సరైన రాతే. అట్రిబ్యూట్‌లో కాదు. పాత రంగు అట్రిబ్యూట్లను సీఎస్‌ఎస్ పార్సర్ (బ్రౌజర్‌లో సీఎస్‌ఎస్‌ను చదివే భాగం) చదవదు. వాటికి హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే వేరే నియమాలున్నాయి, పాత పేజీలు చెడిపోకుండా ఉండేందుకు రాసిపెట్టినవి. రంగు పేరు కాకపోతే, హ్యాష్‌తో మొదలయ్యే మూడంకెల హెక్స్ కూడా కాకపోతే, ఆ నియమాలు ఇచ్చిన మాటనంతా హెక్స్‌గా మార్చడానికే చూస్తాయి. మొదట హ్యాష్ ఉంటే తీసేస్తాయి. హెక్స్ అంకె కాని ప్రతి గుర్తునూ సున్నా చేస్తాయి. మొత్తం పొడవు మూడుతో భాగించబడేదాకా చివర సున్నాలు చేరుస్తాయి. తర్వాత మూడు సమాన ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో మొదటి రెండు అంకెలే తీసుకుంటాయి. మూడు ముక్కలూ సున్నాతోనే మొదలైతే ఆ సున్నాల్ని ముందు కొట్టేస్తాయి.

మన విలువలో ఆర్, జీ రెండూ హెక్స్ అంకెలు కావు, సున్నాలయ్యాయి. బీ హెక్స్ అంకే కాబట్టి నిలిచింది. బ్రాకెట్లూ కామాలూ సున్నాలయ్యాయి. మొత్తం 15 గుర్తులు, ముక్కకు ఐదు. మొదటి ముక్క: సున్నా, సున్నా, బీ, సున్నా, 5. రెండోది 10102. మూడోది 01530. రెండో ముక్క 1తో మొదలైంది కాబట్టి ముందు సున్నాలు పోలేదు. మొదటి రెండేసి అంకెలు తీస్తే 00, 10, 01. అంటే #001001. కంటికి అది నలుపే.

ఇంకొన్ని పేజీల్లో అదే అట్రిబ్యూట్‌లో హ్యాష్ లేకుండా 369 అని ఉంది. హ్యాష్ ఉంటే అది #336699 అయ్యేది. లేకపోవడంతో ముక్కకు ఒక్కో అంకె మిగిలి #030609 అయింది. అదీ నలుపే. ఇలాంటి తప్పు బ్రౌజర్ కన్సోల్‌లో ఎక్కడా కనబడదు. పాత నియమాల దృష్టిలో ఇది తప్పే కాదు, ఏదో ఒక రంగు వచ్చింది కదా అన్నంతే. అందుకే అట్రిబ్యూట్‌లోని విలువను కంటితో కాకుండా డెవలపర్ టూల్స్‌లో కంప్యూటెడ్ (బ్రౌజర్ చివరికి తేల్చిన) విలువతో పోల్చి చూడాలి.

డాక్‌టైప్ చేర్చాక పోయిన రంగుల సంగతి దీనికి తిరగబడిన రూపం. స్టైల్ అట్రిబ్యూట్లలో కలర్, బ్యాక్‌గ్రౌండ్-కలర్ విలువల్ని హ్యాష్ లేకుండా 336699 అని రాశారు. డాక్‌టైప్ లేని పేజీ క్విర్క్స్ మోడ్‌లో (పాత బ్రౌజర్ల పద్ధతిలో) తెరుచుకుంటుంది, ఆ మోడ్ హ్యాష్ లేని హెక్స్‌ని ఈ ప్రాపర్టీలలో క్షమిస్తుంది. స్టాండర్డ్స్ మోడ్ క్షమించదు, ఆ డిక్లరేషన్‌ను మొత్తంగా వదిలేస్తుంది. డాక్‌టైప్ తీసేస్తే రంగులు తిరిగి వస్తాయి గనుక చాలామంది అదే చేస్తారు. అది చేయకూడదు. క్విర్క్స్ మోడ్‌లో లేఅవుట్ లెక్కలు కూడా మారతాయి. రంగుల్నే సరిచేయాలి.

ఏరివేత

మార్చే ముందు ఎక్కడెక్కడ ఏముందో ఏరాలి. నాలుగు రకాల వెతుకులాట సరిపోయింది: హ్యాష్ తర్వాత 3, 4, 6 లేదా 8 హెక్స్ అంకెలు; ఆర్‌జీబీ, హెచ్‌ఎస్‌ఎల్ (రంగు కోణం, గాఢత, లైట్‌నెస్‌ల రాత) ఫంక్షన్లు; బీజీకలర్, ఫాంట్ కలర్, బాడీ ట్యాగ్‌లోని టెక్స్ట్, లింక్, వీలింక్, ఏలింక్ అట్రిబ్యూట్లు; చివరగా రంగు పేర్లు. పేర్ల వెతుకులాటలో చెత్త ఎక్కువ వస్తుంది, రెడ్ అనే మాట క్లాస్ పేర్లలోనూ వాక్యాల్లోనూ ఉంటుంది. దాన్ని చేత్తోనే వడకట్టాలి.

దొరికిన ప్రతి విలువనూ ఆరంకెల హెక్స్‌లోకి మార్చి, తర్వాతే పోల్చాలి. #369, ఆర్‌జీబీ(51,102,153), ఆర్‌జీబీ(20%,40%,60%), హెచ్‌ఎస్‌ఎల్(210,50%,40%) నాలుగూ అక్షరాలా ఒకే రంగు. మార్చకుండా లెక్కపెడితే నాలుగు రంగులున్నట్టు అనిపిస్తుంది. మార్చాక కూడా ఒకటి రెండు పాయింట్ల తేడాతో కవలలు మిగిలాయి, 51,102,152 లాంటివి. ఇవి జేపెగ్ లోగోలోంచి ఐడ్రాపర్‌తో తీసినవి. జేపెగ్ కుదింపులో రంగు కొద్దిగా కదులుతుంది. బ్రాండ్ రంగును ఎప్పుడూ బొమ్మలోంచి తీయకూడదు, వెక్టర్ ఫైల్లో రాసి ఉన్న విలువే తీసుకోవాలి.

తీసివేసే వరుస కూడా ముఖ్యమే. బీజీకలర్ లాంటి అట్రిబ్యూట్లకు సీఎస్‌ఎస్ లెక్కలో స్పెసిఫిసిటీ (ఏ నియమం గెలవాలో తేల్చే బలం) సున్నా, స్టైల్‌షీట్ మొదట్లో ఉన్నట్టే లెక్క. కాబట్టి ఏ చిన్న నియమమైనా వాటిని దాటేస్తుంది. స్టైల్ అట్రిబ్యూట్ అలా కాదు, స్టైల్‌షీట్‌లోని మామూలు నియమాలన్నిటినీ అదే గెలుస్తుంది. అందుకని ముందు స్టైల్ అట్రిబ్యూట్లు తీసేశాం, తర్వాత ఫాంట్ ట్యాగ్‌లు, చివరికి బీజీకలర్. ఫాంట్ ట్యాగ్‌ను తీసేసే చోట ఓ జాగ్రత్త: అది లోపలి ట్యాగ్ కాబట్టి, బయటి పేరాకు ఎంత బలమైన నియమం రాసినా దాని రంగే కనిపిస్తుంది. ట్యాగ్ పోతేగానీ రంగు మారదు.

ఏ రాత ఎంచుకున్నాం, ఎందుకు

రంగు పేర్లు వద్దనుకున్నాం. సీఎస్‌ఎస్‌లో 148 పేర్లున్నాయి, ఎక్కువ భాగం ఎక్స్11 (యునిక్స్ కంప్యూటర్ల గ్రాఫిక్స్ వ్యవస్థ) జాబితా నుంచి వచ్చినవి. ఆ పేర్లలో పద్ధతి లేదు. గ్రే అంటే మూడు భాగాలూ 128. డార్క్‌గ్రే అంటే 169. అంటే డార్క్ అని పేరున్నది గ్రే కంటే లేతగా ఉంటుంది. రెడ్ తెల్లటి నేల మీద 4:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ నేలకీ మధ్య వెలుగు నిష్పత్తి) దగ్గరే ఆగిపోతుంది, ఆరెంజ్ అయితే 2:1 కూడా దాటదు. ప్రయోగం చేసేటప్పుడు పేర్లు హాయిగా ఉంటాయి, నిలబడే పేజీలో వాటికి పని లేదు. ట్రాన్స్‌పరెంట్ (పారదర్శకం), కరెంట్‌కలర్ (అక్కడి అక్షరాల రంగు) అనే రెండు కీవర్డ్‌లు మాత్రం ఉంచాం. పేర్ల జాబితాలో ఒకదాన్ని గౌరవంగా తలచుకోవాలి: 2014లో చేర్చిన రెబెకాపర్పుల్, #663399. సీఎస్‌ఎస్ కోసం ఎంతో రాసిన ఎరిక్ మేయర్ కూతురి జ్ఞాపకంగా చేర్చినది అది.

మూల విలువలకు ఆరంకెల హెక్స్ తీసుకున్నాం. పాత ఫోన్ల నుంచి మెయిల్ దాకా అన్నీ చదివే రాత అది. వెతికితే కచ్చితంగా దొరుకుతుంది, చాలా డిజైన్ టూళ్లు అదే కాపీ చేస్తాయి. మూడంకెల పొట్టి రూపం వద్దు, #369 కోసం వెతికితే #336699 దొరకదు. ఎనిమిదంకెల రూపం అసలే వద్దు. కాలేజీకి ఆండ్రాయిడ్ యాప్ కూడా ఉంది, అక్కడి నుంచి ఒకరు #80336699 తెచ్చి వెబ్‌లో పెట్టారు. ఆండ్రాయిడ్‌లో పారదర్శకత మొదటి రెండంకెలు, కాబట్టి అక్కడ అది సగం పారదర్శకమైన నీలం. సీఎస్‌ఎస్‌లో పారదర్శకత చివరి రెండంకెలు, కాబట్టి ఇక్కడ ఎరుపు 128, ఆకుపచ్చ 51, నీలం 102, అపారదర్శకత 60%. నీలం కావలసిన చోట వంకాయరంగు వచ్చింది. పారదర్శకత కావలసిన చోట ఆర్‌జీబీ ఫంక్షన్‌లో శాతంగా రాస్తే ఈ గందరగోళం ఉండదు.

హెచ్‌ఎస్‌ఎల్ మీద చాలామందికి మక్కువ, ఎందుకంటే మూడో అంకె మారిస్తే ముదురూ లేతా వస్తాయి. కానీ ఆ మూడో అంకె కంటికి కనిపించే వెలుగు కాదు. పసుపు 60, 100%, 50%. నీలం 240, 100%, 50%. రెంటి లైట్‌నెస్ ఒకటే 50%. తెల్లటి నేల మీద ఆ పసుపు కాంట్రాస్ట్ 1.07:1, ఆ నీలం 8.59:1. ఒకే లైట్‌నెస్ పెట్టి హెచ్చరికకూ సమాచారానికీ బటన్లు చేస్తే ఒకటి చదవొచ్చు, ఇంకొకటి చదవలేం. బ్యోర్న్ ఒట్టోసన్ 2020లో ప్రచురించిన ఓకేల్యాబ్ అనే రంగుల కొలత, దాని స్తంభాకార రూపం ఓకేఎల్‌సీహెచ్ ఈ విషయంలో ఎంతో మెరుగు. మన నీలం అందులో సుమారు 50%, 0.099, 250 (వెలుగు, గాఢత, రంగు కోణం). సఫారీ 15.4, క్రోమ్ 111, ఫైర్‌ఫాక్స్ 113 నుంచి ఇది పనిచేస్తుంది, అంటే 2023 మధ్యకి అన్నిటిలోకీ వచ్చేసింది.

అయినా దాన్ని పేజీలో నేరుగా పెట్టలేదు. ఈ సైటు చూసే ఫోన్లలో అప్‌డేట్ ఆగిపోయిన పాత బ్రౌజర్లు ఉంటాయి, వేరియబుల్స్‌తో (విలువను ఒకచోట పెట్టి పిలిచే పేర్లతో) కలిస్తే ఒక పాడు చిక్కు కూడా ఉంది. మామూలుగా ఒకే ప్రాపర్టీని రెండుసార్లు రాస్తే, పైన హెక్స్, కింద ఓకేఎల్‌సీహెచ్, పాత బ్రౌజర్ కిందిదాన్ని వదిలేసి పైదాన్ని పట్టుకుంటుంది. వేరియబుల్ వాడితే ఆ రక్షణ పోతుంది. వేరియబుల్‌లో ఏముందో చదివే సమయానికి పై వరుస అప్పటికే కొట్టివేయబడింది. విలువ చెల్లదని తేలాక బ్రౌజర్ వెనక్కి వెళ్లదు: అక్షరాల రంగయితే తల్లి ఎలిమెంట్ నుంచి తెచ్చుకుంటుంది, నేల రంగయితే పారదర్శకం అయిపోతుంది. తెల్లక్షరాల బటన్ నేల పారదర్శకమైతే తెలుపు మీద తెలుపు మిగులుతుంది. తప్పనిసరిగా వాడాలంటే, మూలంలో హెక్స్ పెట్టి, ఎట్ సపోర్ట్స్ బ్లాక్ (బ్రౌజర్‌కు ఆ రాత తెలిస్తేనే పనిచేసేది) లోపల ఆ వేరియబుల్‌నే మళ్లీ నిర్వచించాలి. ఇక్కడ అంతదూరం పోలేదు. హోవర్ (మౌస్ మీదికి వచ్చినప్పుడు), డిసేబుల్డ్ (పనిచేయనప్పుడు) లాంటి మెట్లను ఓకేఎల్‌సీహెచ్‌లో లెక్కగట్టి, వచ్చిన ఫలితాన్ని హెక్స్‌లో రాశాం.

పేర్లు రెండు అంచెలు

మొదటి అంచెలో విలువలు: నీలం-50, బూడిద-35 లాంటి పేర్లు, ఒక్కోదానికి ఒక్క హెక్స్. రెండో అంచెలో పాత్రలు: లంకె (లింక్) రంగు, పట్టీ నేల, పట్టీ అక్షరం, హెచ్చరిక, గీత. పేజీల నియమాలన్నీ రెండో అంచెనే పిలుస్తాయి, మొదటిదాన్ని తాకవు. నేలనూ దానిమీది అక్షరాన్నీ జంటగానే ప్రకటించాలని నియమం పెట్టుకున్నాం. ఒక్కటే ప్రకటిస్తే రెండోది బ్రౌజర్ సెట్టింగ్ నుంచో డార్క్ మోడ్ నుంచో వస్తుంది, అప్పుడు రెండూ కలిసిపోయే ప్రమాదం ఉంది.

వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో పెట్టినా సీఎస్‌ఎస్ ఒప్పుకుంటుంది. ముచ్చటేసే విషయమే. కానీ తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) పడుతుంటుంది. అది ఉన్న పేరూ లేని పేరూ కొన్ని ఫాంట్లలో చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బ్రౌజర్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. తెలుగు పేర్లే కావాలంటే పొల్లు రాని పేర్లు ఎంచుకోవాలి: నీలం, లంకె, పట్టీ, గీత. లింక్, బటన్, బోర్డర్ లాంటివి కలిపి రాస్తే ఆ గుర్తు దూరుతుంది.

కాంట్రాస్ట్ లెక్కలు

చదవలేకపోతున్న బూడిదరంగు #777777. తెల్లటి నేల మీద దాని కాంట్రాస్ట్ 4.48:1. డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండేందుకు పెట్టిన ప్రమాణం) ఏఏ స్థాయికి మామూలు అక్షరాలకు 4.5:1 కావాలి, దాన్ని 4.5గా సర్దుకోవడానికి వీల్లేదు. పక్కనే ఉన్న #767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. చాలా సైట్లలో అక్కడే ఆగిపోతారు. ఇక్కడ చివరి తేదీ వివరాలు తెల్లటి నేల మీద లేవు, 240, 245, 250 అనే లేత నీలి పెట్టెలో ఉన్నాయి. ఆ నేల మీద #767676 విలువ 4.14:1కి పడిపోతుంది. కాంట్రాస్ట్ అనేది రంగుకు కాదు, జంటకు. అందుకే #595959కి దిగాం: తెలుపు మీద 7:1, లేత నీలి పెట్టెలో 6.39:1.

తెలుగు పేజీలో ఇంత ముదురు అవసరమే. 14 పిక్సెళ్ల సైజులో వత్తులూ గుణింతపు గుర్తులూ అసలక్షరం కంటే సన్నగా పడతాయి. పలుచని వెయిట్ ఫాంట్ అయితే గీత పిక్సెల్‌లో కొంత భాగమే నింపుతుంది, తెరమీద కనిపించే రంగు రాసిన రంగు కంటే లేతబడుతుంది. 4.5 అనేది ప్రమాణం గీసిన కనీస గీత, చిన్న తెలుగు అక్షరాలకు 7 దగ్గర ఉంచడమే మంచిది. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు జీఐజీడబ్ల్యూ 3.0 కూడా డబ్ల్యూసీఏజీ 2.1 ఏఏ స్థాయినే కోరుతున్నాయి.

లంకెల నీలం #336699 తెలుపు మీద 6:1, బాగానే ఉంది. అయితే పక్కనున్న మామూలు అక్షరాలు #333333. ఈ రెంటి మధ్య తేడా 2.1:1 మాత్రమే. రంగు ఒక్కటే గుర్తుగా ఉండాలంటే 3:1 అయినా కావాలి. కాబట్టి పేరాల లోపలి లంకెలకు తీసేసిన కింది గీతను తిరిగి పెట్టాం.

హెచ్చరికకు #990000, తెలుపు మీద 8.9:1. ఆమోదానికి #006600, 7.2:1. విడిగా రెండూ బాగున్నాయి. నెట్ సెంటర్లో నలుపు-తెలుపు లేజర్ ప్రింట్ తీస్తే రెండూ దాదాపు ఒకే బూడిదరంగు, ఒకదానితో ఒకటి పోలిస్తే 1.2:1. కాబట్టి దరఖాస్తు స్థితి దగ్గర చుక్క రంగుతో పాటు "ఆమోదించారు", "తిరస్కరించారు" అనే మాట తప్పనిసరి చేశాం. ప్రింట్‌లో బ్రౌజర్లు నేల రంగుల్ని మామూలుగా వదిలేస్తాయి, కాబట్టి హాల్‌టికెట్ ప్రింట్ స్టైల్‌లో తెల్లక్షరాలు లేకుండా నల్లక్షరాలు, చుట్టూ గీత పెట్టాం.

వేరియబుల్ చేరని చోట్లు

మెయిల్ టెంప్లేట్లు మొదటివి. విండోస్‌లోని పాత తరహా అవుట్‌లుక్ 2007 నుంచి వర్డ్ ఇంజిన్‌తో పేజీ గీస్తుంది, దానికి వేరియబుల్స్ తెలియవు. అక్కడ ఆరంకెల హెక్స్ నేరుగా స్టైల్ అట్రిబ్యూట్‌లో, టేబుల్ గడికి బీజీకలర్‌లో కూడా అదే విలువ, హ్యాష్‌తో సహా. సైటులో తీసేసిన పద్ధతే ఇక్కడ సరైన పద్ధతి. టెంప్లేట్‌ను తయారుచేసే స్క్రిప్ట్ ఆ విలువల్ని మొదటి అంచె ఫైల్ నుంచే తీసుకుంటుంది, చేత్తో రాయరు.

ర్యాంకుల గ్రాఫ్ కాన్వాస్ (జావాస్క్రిప్ట్‌తో బొమ్మ గీసే ఎలిమెంట్) మీద గీస్తారు. కాన్వాస్ ఫిల్‌స్టైల్‌కు (నింపే రంగుకు) వేరియబుల్ పిలుపు ఇస్తే దాన్ని చెల్లని విలువగా వదిలేసి పాత రంగునే ఉంచుతుంది, మొదట్లో ఆ పాత రంగు నలుపు. గెట్‌కంప్యూటెడ్‌స్టైల్‌తో విలువను చదివి, ముందు వెనక ఖాళీలు కత్తిరించి ఇవ్వాలి. డార్క్ మోడ్ మారినప్పుడు కాన్వాస్ తనంతట మారదు, మళ్లీ గీయాలి. ఇమేజ్ ట్యాగ్‌తో తెచ్చిన ఎస్‌వీజీ ఐకాన్లకు పేజీ రంగులు తెలియవు, కరెంట్‌కలర్ పనిచేయాలంటే ఐకాన్‌ను మార్కప్‌లోనే పెట్టాలి. రంగు ఎంచుకునే ఇన్‌పుట్‌కు పాత బ్రౌజర్లలో హ్యాష్, ఆరంకెలు తప్ప ఇంకేది ఇచ్చినా #000000 అవుతుంది. థీమ్-కలర్ (బ్రౌజర్ పట్టీ రంగు) మెటా ట్యాగ్‌లోనూ వేరియబుల్ పనిచేయదు, వెలుగుకొకటి, చీకటికొకటి మీడియా షరతుతో రెండు ట్యాగ్‌లు రాశాం.

డార్క్ మోడ్

పాత్రల అంచె ఉంది కాబట్టి ఈ పని చిన్నదైంది: ప్రిఫర్స్-కలర్-స్కీమ్ (వాడుకరి వెలుగు కోరాడా, చీకటి కోరాడా అనే) షరతు లోపల రెండో అంచె పేర్లను మళ్లీ నిర్వచించడమే. నేల #121212. దానిమీద మన నీలం 3.1:1 మాత్రమే, కాబట్టి లంకెకు 140, 179, 217 అనే లేత నీలం ఇచ్చాం, 8.5:1 దగ్గర. కలర్-స్కీమ్ ప్రాపర్టీ కూడా రాయాలి, లేకపోతే నల్ల పేజీలో ఫారం గడులూ స్క్రోల్‌బార్లూ తెల్లగా మిగులుతాయి. తెల్లటి మచ్చలు ఇంకా కనిపిస్తే అవి ఎక్కడో మిగిలిపోయిన బీజీకలర్ గడులే. ఏరివేతలో తప్పించుకున్నవి ఇలా దొరికాయి.

విండోస్ హై కాంట్రాస్ట్ మోడ్‌లో బ్రౌజర్ మన రంగుల్ని తీసేసి వాడుకరి ఎంచుకున్నవి పెడుతుంది, నీడలు కూడా పోతాయి. నేల రంగుతో మాత్రమే బటన్‌గా కనిపిస్తున్నవి అప్పుడు ఉత్త అక్షరాలుగా మిగులుతాయి. వాటికి 1 పిక్సెల్ పారదర్శక బోర్డర్ పెట్టాం. మామూలు తెరమీద కనిపించదు, ఆ మోడ్‌లో మాత్రం బ్రౌజర్ దానికి రంగు వేస్తుంది.

మళ్లీ పాతబాట పట్టకుండా

స్టైల్‌లింట్‌లో (స్టైల్ ఫైళ్లలో తప్పులు పట్టే టూల్) మూడు నియమాలు ఆన్ చేశాం: రంగు పేర్లు నిషేధం, హెక్స్ పొడుగు రూపమే, చెల్లని హెక్స్ నిషేధం. మొదటి అంచె ఫైల్ తప్ప మిగతా స్టైల్ ఫైళ్లలో హెక్స్ కనబడితే బిల్డ్ ఆగిపోతుంది. స్టైల్‌లింట్ మార్కప్‌లోని అట్రిబ్యూట్లను చూడదు కాబట్టి బీజీకలర్, ఫాంట్ ట్యాగ్‌ల కోసం టెంప్లేట్లలో వేరే వెతుకులాట స్క్రిప్ట్ నడుస్తుంది. మెయిల్ ఫోల్డర్‌కు దాన్నుంచి మినహాయింపు ఉంది, కానీ అక్కడ ఇంకో పరీక్ష: బీజీకలర్ విలువ హ్యాష్‌తో మొదలై సరిగ్గా ఏడు గుర్తులు లేకపోతే మెయిల్ బయటికి వెళ్లదు.